రుద్దకూడని చోటు

కోవిడ్ తగ్గి మంచం దిగేసరికి చక్రధర్‌కి ఎడమ తొడ పట్టేసింది. అన్నాళ్లు పడుకుంటే పట్టెయ్యక ఏమవుతుందని భార్య నీలిమ నువ్వులనూనె వెచ్చచేసింది. వాళ్లుండే పరాయిదేశపు ఊరు లూకన్‌లో లాక్‌డౌన్, జీపీ అనే మామూలు డాక్టరు ఫోన్‌లో తప్ప దొరకడు. అయినా చేతిలో నూనెగిన్నె ఉండగా తొడనొప్పికి డాక్టరు దగ్గరికి పరిగెత్తే జాతా మనది? గజ్జల నుంచి మోకాలిదాకా పూటపూటా బలంకొద్దీ రుద్దింది. మొగుడుగారు మూలుగుతూనే హాయిగా రుద్దించుకున్నాడు.

ఆదివారం పొద్దున నూనె రాశాక చూస్తే కాలు తగ్గకపోగా ఇంకా ఉబ్బింది. నీలిమ బోమాంట్ ఆసుపత్రిలో డాక్టరుగా పనిచేసే, తెలిసిన మైథిలికి వీడియోకాల్ చేసింది.

"రెండు తొడలూ పక్కపక్కన చూపించు," అంది మైథిలి. ఎడమది కందిపోయి, కుడిదానికి ఒకటిన్నరింతలుంది.

"నరం పట్టిందేమో అక్కా?"

"నరం పడితే ఇలా ఉబ్బదమ్మా. గజ్జల్లో మూడూ పక్కపక్కనే ఉంటాయి. బయటివైపు నర్వ్, మధ్యలో టకటకా కొట్టుకునే ఆర్టరీ, లోపలివైపు రక్తాన్ని గుండెకి తిరిగి తీసుకెళ్లే వెయిన్. ఆ వెయిన్‌లో రక్తం గడ్డకట్టినట్టుంది. కోవిడ్ వచ్చినవాళ్లలో చూస్తున్నాం. వెంటనే అంబులెన్స్ పిలువు. కదలనివ్వకు. ముఖ్యంగా రుద్దకండి. గడ్డ ఊడితే నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది."

మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదే. తను రుద్దిన సంగతి నీలిమ చెప్పేద్దామనుకుంది, కానీ "సరే అక్కా," అని ఫోన్ పెట్టేసి, అంబులెన్స్‌కి చేసింది.

అంబులెన్స్‌లో ఒళ్లంతా ప్లాస్టిక్ కప్పుకున్న ఒకావిడ వచ్చి చక్రధర్ కాలు చూసింది. దీన్ని ఎవరైనా రుద్దారా అని ఇంగ్లీషులో అడిగింది.

"లేదు, ఎవరూ ముట్టుకోలేదు," అన్నాడు చక్రధర్, నీలిమ నోరు తెరిచేలోపే. మైథిలి మాటలన్నీ విన్నవాడే. పెళ్లాం మీదికి మాట రాకూడదని అబద్ధమాడాడు.

ప్రాణం మీదికొస్తే ఇప్పుడా ఈ మర్యాదలు! నీలిమకి కోపం, ఏడుపు, భయం కలిసి తన్నుకొచ్చాయి.

"నేనే రుద్దాను," అంది. "గట్టిగా రుద్దాను. ఈ పొద్దున కూడా."

ఆవిడ మాస్కు వెనక ముఖం కనబడలేదు. కానీ చేతులు ఒక్కసారిగా తొందరపడ్డాయి. అతని వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు తగిలిస్తూ, ఊపిరి ఆడుతోందా అని అడిగింది.

చక్రధర్ ముందు నీలిమకేసి చూశాడు. భయపడకన్నట్టు నవ్వబోయాడు. బాగున్నాననడానికి ఇక్కడివాళ్లు వాడే 'గ్రాండ్' అన్న మాటే అతనికీ అలవాటు.

"యా, ఐయామ్ గ్రా..."

మాట సగంలో తెగింది. చెయ్యి ఛాతీ మీదికి పోయింది. ఆ మిగతా సగం వినబడాలని నీలిమ అతని పెదవులకేసే చూస్తూ నిలబడిపోయింది.