అందరికీ రాసిన ఐదు వాక్యాలు

తన పుట్టిన తేదీ, తండ్రి పేరు, చదువు, వచ్చిన భాషల దాకా వేళ్లు వాటంతటవే పరుగెత్తాయి, ఇక కింద అంతా ఉన్నదే కదా, కొత్త ఫైలు తెరిచే అలవాటు ఆమెకెప్పుడూ లేదు, ముందు వచ్చినవాళ్ల బయోడేటా తెరిచి పేరు మార్చడమే, పదకొండేళ్లుగా ఈ టైపింగు సెంటరులో, ఈ గాజు గదిలో, ఒక కాలు ఊగే ఈ కుర్చీలో చేసిందదే, శనివారం నుంచి ఈ గదీ ఉండదు, షాపు మూసేస్తున్నానమ్మా, ఆ బడి ఆఫీసులో గుమాస్తా పోస్టుందిగా, నువ్వూ దరఖాస్తు పెట్టరాదూ, ఇవాళ ఐదింటితో ఆఖరు అన్నాడు పొద్దున యజమాని, అప్పటిదాకా ఆ మాట తనకెందుకు తట్టలేదో, వారం నుంచీ అదే పోస్టుకి ముప్పైమందికి టైపు చేసింది, ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడ్డట్టయింది.

నాలుగూ పదయింది, కాగితం ప్రింటరులోంచి వెచ్చగా వచ్చింది, పెన్ను తీసి సంతకం పెట్టబోతే పైన టైలరు గారి కోడలి పేరుంది, మార్చడం మరిచిపోయింది, ఛీ, ఇంకా ఏం మార్చకుండా మిగిలిందోనని పైనుంచి చదివింది, కష్టపడే స్వభావం, ఓర్పు, నేర్చుకోవాలనే తపన, నలుగురితో కలిసి పనిచేయగలను, అప్పగించిన బాధ్యత నిజాయితీగా నెరవేరుస్తాను, ఆ అమ్మాయికీ అవే, నిన్నటి నర్సుకీ అవే, అక్కా, నాకు ముక్కు మీదే కోపం, ఓర్పని రాశావేంటి అని నవ్విన డ్రైవరుకీ అవే, అందరికీ అదే రాస్తాం తమ్ముడూ అంది తను, నిజంగా అందరికీ, ఇప్పుడు ఆ బడిలో బల్ల మీద ముప్పై కాగితాలూ ఒకే గొంతుతో మాట్లాడుతున్నాయి, ఇది ముప్పై ఒకటోది, చూసేవాళ్లు నవ్వుకుని పక్కన పడేస్తారు, పోనీ తీసేద్దామా, తీసేస్తే ఇంకేముంది, చెరిపింది, తెల్లగా ఖాళీ, వేళ్లు మళ్లీ కష్టపడే స్వభావం అనే కొట్టాయి, మళ్లీ చెరిపింది, మళ్లీ అదే, భర్తకి ఫోను చేసింది, నా గురించి ఏం రాయమంటారు, దానికింత ఆలోచనెందుకే, నీకొచ్చింది టైపు కొట్టడమేగా, అదే రాసెయ్, నాకు పనుంది, పెట్టేశాడు, ఏడుపొచ్చింది, గోడ గడియారం నాలుగున్నర చూపించింది.

టైలరు గారి కోడలు ఆవేళ ఈ కుర్చీ పక్కనే నిలబడి, మా కొట్టుకొచ్చే రెండు వందల మంది కొలతలూ నాకు నోటికొచ్చండీ, పుస్తకం చూడను, అది రాయొచ్చా అనడిగింది, అలాంటివి రాయరమ్మా అంది తను, తొందరలో, వెనక ఇంకెవరో ఉన్నారని, గుమాస్తా పనికి అంతకన్నా ఏం కావాలి, నర్సు కూడా ఏదో చెప్పబోయింది, వినలేదు, అందరూ ఏదో ఒకటి చెప్పారు, అందరి నోళ్లూ ఆ ఐదు వాక్యాలతో మూసింది తనే, ఇవాళ అవే తన నోటికీ అడ్డం పడ్డాయి, ఇందులో ఎవరిని తిట్టుకోవాలి, అనుభవం అన్నచోట ఈసారి వేళ్లు మెల్లగా, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కదిలాయి, మీ బల్ల మీదున్న ముప్పై దరఖాస్తులు నేను టైపు చేసినవే, అవి ఒకేలా ఉండటం వాళ్ల తప్పు కాదు, నాది, టైలరు గారి కోడలికి రెండు వందల మంది కొలతలు నోటికొచ్చు, ముందు ఆమెని పిలవండి, ఆ తర్వాత నన్ను, ఈ మాట ఇంతవరకు ఇంకెవరికీ రాయలేదు.