సరంగుల పెట్టె

టెంపీ స్టీమరెక్కి నేరుగా పైనున్న సరంగు గదిలోకి వచ్చేసరికి దాన్ని నడిపే సరంగు ఓబెడ్ ప్రూయిట్ గబుక్కున చుక్కాని వైపు తిరిగిపోయాడు. సొంత చెల్లెలిని చూసి జంకే అన్నలు లోకంలో ఎంతమంది ఉంటారో గానీ, యుద్ధం ముగిసిన ఏడాదికి మిసిసిపీ నది పొడవునా అలాంటివాళ్లకి కొదవ లేదు.

ఆమె మొక్కజొన్న రొట్టెల మూట పక్కన పెట్టుకుని వెనక బల్లమీద కూర్చుంది. డాగ్‌వుడ్ లంక దగ్గర, తన భర్త గిడియన్ స్టీమరు మునిగిన చోట, కాసేపు ఆపితే చాలంది. ఆ చోటు ఎక్కడో తెలుసా అని అడిగింది. ఓబెడ్ చుక్కాని మీంచి చూపు తిప్పకుండా తెలుసన్నాడు. తెలియకేం, మూడేళ్లుగా కళ్లు మూసుకుంటే చాలు, అదే కనిపిస్తోంది.

గిడియన్ అతనికి బావ కంటే ముందు తోటి సరంగు. యుద్ధానికి ముందు ఆ నది మీద సరంగులకి ఒక కట్టుబాటు ఉండేది. ప్రతి రేవులోనూ ఒడ్డుకి కట్టేసిన పంటు మీద తాళం వేసిన ఒక చిన్న పెట్టె, దాని తాళంచెవి సరంగుల దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా ఉండదు. నీళ్లెక్కడ తగ్గాయి, ఏ పాయ తెరుచుకుంది, ఎక్కడ మాను అడ్డం పడింది, అన్నీ అందులో కాగితాల మీద ఉండేవి. వచ్చినవాడు చదివి, తను చూసింది రాసిపెట్టి పోవాలి. చదివి రాయకుండా పోయేవాణ్ణి సరంగులు మనిషిగా లెక్కపెట్టేవారు కాదు.

తర్వాత యుద్ధమొచ్చింది. దానికి పేరేమిటో కూడా జనం తేల్చుకోలేకపోయారు. ఉత్తరాదివాళ్లు తిరుగుబాటన్నారు, దక్షిణాదివాళ్లు దండయాత్రన్నారు. గిడియన్ దక్షిణాదివాళ్ల స్టీమరెక్కాడు. ఓబెడ్ ఉత్తరాదివాళ్ల ఇనుప పడవకి సరంగయ్యాడు. ఏటవాలు గోడలకి ఇనుప రేకులు బిగించి, ముందు మూడు ఫిరంగులు పెట్టిన కుంపటి అది. బయటివాళ్లు తాబేలనేవారు, లోపలివాళ్లు ఉడికి చచ్చేవారు. దాని కెప్టెన్ ఓసారి భోజనాల దగ్గర పెద్ద పాఠమే చెప్పాడు. ఒకే దేశంలో రెండు ప్రభుత్వాలు, రెండు సైన్యాలు తలపడితేనే అంతర్యుద్ధమట, ఇది ఉత్త అల్లరట. ఓబెడ్ బుద్ధిగా తలూపాడు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం తాబేలు ఒక రేవులో ఆగింది. ఇవాళ వీళ్లది, రేపు వాళ్లది అన్నట్టుండే ఖాళీ రేవది. పంటు మీద పెట్టె ఇంకా ఉంది. ఓబెడ్ తెరిస్తే ఒకే ఒక్క కాగితం దొరికింది. డాగ్‌వుడ్ లంక వెనక పాయ తెరుచుకుంది, రెండు బారల లోతుంది, ఎడమ గట్టు పట్టుకుని పోవాలి. కింద గిడియన్ పేరు, రాత మాత్రం టెంపీది. గిడియన్ రాస్తే కోడి కెలికినట్టుంటుందని ఎప్పుడూ ఆమే రాసిపెట్టేది. శత్రువు కాగితాన్ని ఎలా నమ్ముతావని కెప్టెన్ అడిగాడు. ఇది మా చెల్లెలి రాత అన్నాడు ఓబెడ్. అంతర్యుద్ధమంటే ఏమిటో ఆ ఒక్క మాటలోనే ఉంది గానీ, అప్పుడది అతని బుర్రకెక్కలేదు.

అలవాటుకొద్దీ తనూ రాయబోయాడు. ఇప్పుడు సైన్యంలో ఉన్నాం కదా అని పెన్సిలు జేబులో పెట్టేసుకున్నాడు. కాగితాన్ని ఎలా ఉన్నదలా పెట్టి తాళం వేశాడు. మర్నాడు పొద్దున తాబేలు ఆ పాయలోంచి బయటికి రాగానే ఎదురుగా గట్టున ఇంజనుకి కట్టెలు ఎక్కించుకుంటున్న స్టీమరు కనిపించింది. మూడు ఫిరంగులూ ఒక్కసారే పేలాయి. ఆ స్టీమరుకి పత్తి బేళ్లు తప్ప వేరే అడ్డు లేదు. పొగ విడిపోయాక, ఇనుప గోడ సందులోంచి ఓబెడ్ తన బావ మొహం చూశాడు.

ఇప్పుడు అదే లంక కనిపించగానే ఇంజను నెమ్మది చేయించి, పాయ మొన వైపు వేలు చూపించాడు. టెంపీ ఏడవలేదు.

"ఆయన్ని చంపింది నేనే అన్నా," అంది.

ఆ పాయ సంగతి పెట్టెలో వేయడం గిడియన్‌కి ఇష్టం లేదట. ఇప్పుడెవడు చదువుతాడు, చదివితే శత్రువే చదువుతాడన్నాడట. పోరి పోరి తనే రాసిందట. ఈ మాట మూడేళ్లుగా పాస్టరుకి కూడా చెప్పుకోలేదంది.

"ఎందుకు పోరావే?"

"నీకోసం కాదూ? నువ్వెక్కడో ఈ నది మీదే ఉన్నావని విన్నాం. పెద్దపాయ నిండా మావాళ్ల ఫిరంగులే. నా రాత చూస్తే నమ్మి, వెనక దారిన పోయి బతుకుతావనుకున్నా." ఆమె బల్లమీంచి ముందుకి వంగింది. "నీకందిందా అది? అందిందని చెప్పన్నా. ఒక్కడైనా దానివల్ల బతికాడంటే నాకు కాస్త ఊపిరాడుతుంది."

"అందింది," అన్నాడు ఓబెడ్.

టెంపీ మొహం విప్పారింది. లేచొచ్చి అతని చెయ్యి పట్టుకుంది. అక్కడితో ఊరుకుంటే ఆమె అంతో ఇంతో నిమ్మళంగా ఇంటికి పోయేది. ఊరుకుందామనే అతనికీ అనిపించింది. కానీ ఆ చేతి వెచ్చదనం అతను భరించలేకపోయాడు.

"ఆ పొద్దున తాబేలుకి సరంగుని నేనే, టెంపీ."

ఆమె చెయ్యి వదిలేసింది. ఎంతైనా సరంగు పెళ్లాం.

"చదివావుగా. మరి నువ్వేం రాసిపెట్టావన్నా?"

ఓబెడ్ చెయ్యి జేబులోని పెన్సిలు మీదికి పోయింది.

"ఆ ముందురోజు సాయంత్రం ఆయన పెట్టె తెరిచి చూసే ఇంటికొచ్చాడు," అంది టెంపీ. "కొత్త కాగితమేదీ లేదు, మీ అన్న ఇంకా ఇటు రాలేదులే, రేపటికి భయం లేదు అన్నాడు. తెల్లారగానే కట్టెల కోసం బయల్దేరాడు."