నాలుగో స్పీకరు

“సాయంత్రం నేనొచ్చేసరికి మూడు స్పీకర్లూ కలిసి పాడాలి. రోజంతా చెవుల దగ్గరే కదా నీ ఉద్యోగం, ఇదేమంత కష్టం?” అన్నాడు మా ఆయన, షూ లేసులు కట్టుకుంటూ.

నేను చెవి డాక్టరు దగ్గర వినికిడి పరీక్షలు చేస్తాను. వచ్చినవాళ్ళను అద్దాల గదిలో కూర్చోబెట్టి, శబ్దం వినబడగానే బటన్ నొక్కమంటాను. వారానికి ఒక్కరోజు సెలవు. ఆ రోజు బట్టలు ఉతికి ఆరేసి, అత్తయ్య మోకాళ్ళకు మందు రాసి, వంటింటి గట్టు కడిగాక మిగిలిన కాస్త సమయం ఈసారి స్పీకర్ల పాలైంది. ఆయన తన పేరుతోనే స్పీకర్ల యాప్‌ను నా ఫోన్లో తెరిచి ఇచ్చాడు. కొత్తవాటిని మాత్రమే జత చేయమని, మిగతావేవీ ముట్టుకోవద్దని రెండుసార్లు చెప్పి వెళ్ళాడు.

ఒక్కో స్పీకరు వంతులవారీగా చిన్న కూత పెడుతుందట. మిగతావి తమ మైకులతో దాన్ని విని, అందరం ఒకే ఇంట్లో ఉన్నామని గుర్తుపట్టి జతకడతాయట. ఆ నిమిషం ఇంట్లో చప్పుడు ఉండకూడదని ఫోన్లో వచ్చింది. అత్తయ్యను టీవీ ఆపమన్నాను. ఈ ఇంట్లో నా పని కోసం ఇంకొకరు నోరు మూసుకోవడం అదే మొదటిసారి. ఆ సంబరంలోనో, కంగారులోనో ‘కొత్తవి’ అన్న చోట కాక ‘అన్నీ’ అన్న చోట వేలు పడింది.

హాల్లో కూసింది. వంటింట్లో కూసింది. పడకగదిలో కూసింది. తర్వాత నాలుగో కూత ఇస్త్రీ గదిలోంచి వచ్చింది. చెవి పొరబడిందేమో అనుకున్నాను గానీ నా చెవి పొరబడదు, దానికే నాకు జీతం ఇస్తారు. ఫోన్లో కూడా నాలుగు పేర్లు కనబడ్డాయి. చివరిది ‘ఇస్త్రీ గది’. చేర్చి ఏడు నెలలైందని దాని కింద ఉంది.

ఇస్త్రీ గదిలోకెళ్ళి, కూత వచ్చిన వైపు స్టూలు లాగి ఎక్కాను. బీరువా మీద మడత దుప్పట్ల వెనక, గుప్పెడంత నల్లటి డబ్బా. దాని మీద ఆవగింజంత పచ్చ దీపం వెలుగుతోంది. బీరువా అంచు పట్టుకున్నాను.

ఆయన చొక్కాలు ఇస్త్రీ చేస్తూ నేను అక్కతో ఫోన్లో మాట్లాడేది ఆ గదిలోనే. వేరే ఊళ్ళో పెద్దాసుపత్రిలో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టానని అక్కకి తప్ప ఎవరికీ చెప్పలేదు. అక్కకి చెప్పిన సాయంత్రమే భోజనం దగ్గర, “పెద్దాసుపత్రుల్లో నీలాంటివాళ్ళని గుమ్మం ఎక్కనిస్తారా?” అన్నాడు. ఇంకోసారి అక్కతో చెప్పుకుని ఏడిస్తే, మర్నాడు ఆ ఏడుపును అచ్చంగా అనుకరించి చూపించాడు. ఎవరు చెప్పారని అడిగితే, “ఇంకెవరు, మీ అక్కే. నీ బాగు కోరి ఫోన్ చేస్తుంది నాకు” అన్నాడు. నమ్మాను. నా కాపురం చూసి ఓర్వలేకపోతున్నావని అక్కని అన్నాను. అక్క ఫోన్ పెట్టేసింది. ఇంటర్వ్యూకి వెళ్ళలేదు. మూడు నెలలుగా ఆ గదిలో నాతో నేనే మాట్లాడుకుంటున్నాను. చచ్చిపోతే బాగుండునని ఒకసారి పైకే అన్నాను. అదీ విన్నాడా? విని, మంచినీళ్ళు తాగి, పడుకున్నాడా?

చేతిలో ఫోన్ మోగింది. ఆయనే.

“జతయ్యాయా?”

“అవుతున్నాయండీ.”

“స్టూలెందుకు లాగావు?”

దుప్పట్లు సర్దుతున్నానన్నాను. మెల్లగా, ముద్దుచేస్తున్నట్టుగా అన్నాడు. “సర్దకు. దిగి కూర్చో. నేను బయల్దేరుతున్నాను.”

దుప్పట్లు ఎలా ఉన్నవి అలా పెట్టి దిగాను. ఫోన్ ఇస్త్రీ బల్ల మీద పెట్టేశాను. హాల్లోకి వస్తే, ఇక మాట్లాడొచ్చా అని అత్తయ్య సైగలతో అడిగారు, పాపం, ఇంకా నోటి మీద వేలు పెట్టుకునే ఉన్నారు. మాట్లాడుకోవచ్చన్నాను. టీవీ కాస్త గట్టిగానే పెట్టుకోమన్నాను. ఆ గోలలో నేను తలుపు గడియ తీసిన చప్పుడు నాకే వినబడలేదు.

కింది వాటాలో బట్టలు కుట్టే ఆవిడ ఉంటుంది. మెట్ల మీద ప్రతి అడుగుకీ వెనక్కి చూసుకుంటూ దిగాను. ఒక్క ఫోన్ చేసుకుంటానంటే ఆవిడ నా మొహం చూసి, మిషను ఆపి, ఫోన్ ఇచ్చి, వెళ్ళి తలుపు గడియ పెట్టింది. నాకు నోటికొచ్చిన నంబరు ఒక్కటే. రెండుసార్లు తప్పు నొక్కాను. మూడోసారి అక్క ఎత్తింది.

“అక్కా, ఆయనకి చెప్పింది నువ్వు కాదు. వచ్చి నన్ను తీసుకెళ్ళు.”