మళ్లీ నేయని అంచు

నా తమ్ముడు జగదీశ్, మా ఊరి నేతగాడు సాయన్న మగ్గం గుంటలో చనిపోయాడు. అప్పుడు నేను ఆ గదిలోనే గడప దగ్గర నిలబడి ఉన్నాను. ఈ రెండు మాటలూ పోలీసులకు మొదటి రోజే చెప్పాను. మూడో మాట చెప్పడానికి నాకు పద్నాలుగు నెలలు పట్టింది. సాయన్న జైల్లో ఎన్నేళ్లు ఉండాలో ఆ మాట మీదే ఆధారపడి ఉంది.

ముందు చెయ్యి ఎత్తింది నా తమ్ముడు.

మాది గద్వాలలో నేత కుటుంబమే. నాన్న పోయాక ఇంట్లో మగ్గం ఆగిపోయింది. నేను బడిపంతులునయ్యాను. జగదీశ్ 2008లో పాత బస్టాండు దగ్గర ఒక గది అద్దెకు తీసుకుని, కంప్యూటరు పెట్టి, ఇంటర్నెట్‌లో చీరలు అమ్మడం మొదలుపెట్టాడు. అంతకు ముందు హైదరాబాదులో రెండు రోజుల అమ్మకాల శిక్షణకు వెళ్లొచ్చాడు. వచ్చిన రోజు నన్ను అన్నం తిననివ్వలేదు.

"అన్నా, కొననీకి వచ్చినోడు సగం మెత్తబడ్డట్టే. చీర బుట్టల ఏసుకున్నడనుకో, పైసలు కట్టేలోపల ఇంకోటి ముందట పెట్టాలె. గప్పుడు గాకపోతే ఇంకెప్పుడు?"

"అక్కర లేనిది ఎందుకు కొంటారురా?"

"అక్కర మనం చూపెట్టాలె. నువ్వు పిల్లలకు లెక్కలు చూపెడ్తలేవా? వాళ్లేమన్న అడిగిండ్రా?"

అమ్మ నవ్వింది. నేనూ నవ్వాను.

వాడు చెప్పినట్టే జరిగింది. వాడి వెబ్‌సైటులో నూలు చీర చూసేవాళ్లకు పక్కనే పట్టు చీర కనిపించేది, ధరలో తేడా మొత్తం ఎంతో చెప్పకుండా, ఏడాదికి పంచితే రోజుకు ఎంత పడుతుందో చెబుతూ. పట్టు చీర తీసుకున్నవాళ్లను జోడు రవిక కావాలా అని ఆ వెబ్‌సైటే అడిగేది. రవిక తీసుకుంటే అదే అంచుతో పాపకు లంగా. ఆఖరున, 'ఈ చీర ఇప్పుడు మరో నలుగురు చూస్తున్నారు' అని ఎర్ర అక్షరాలు. ఆ నలుగురూ ఎవరని అడిగితే, "నువ్వు, నేను, అమ్మ, సాయన్న మామ" అన్నాడు.

ఇంగ్లీషు వాక్యాలు రాసింది నేను. వాడు తప్పుల తడకగా రాసి తెచ్చేవాడు. నేను ఎర్ర కలంతో దిద్ది ఇచ్చేవాణ్ని.

ఒకరోజు కొత్తది తెచ్చాడు. రెట్టింపు ధర కడితే ఆ చీర డిజైను ఇంకెవరికీ ఉండదు. 'డిజైన్ స్టాప్' అని రాసుకొచ్చాడు. అర్థం స్పష్టంగా లేదన్నాను. 'ఈ అంచు అట్టలను కోసివేసి, ఆ ఫోటో మీకు పంపుతాం. ఈ అంచు మళ్లీ నేయబడదు' అని నేను రాశాను. వాడు మూడుసార్లు చదువుకున్నాడు.

"సారువి సారువే అన్నా," అన్నాడు.

అట్టలంటే ఏమిటో చెప్పాలి. మగ్గం పైన రంధ్రాలు పొడిచిన అట్టలు దండలా కట్టి వేలాడుతుంటాయి. ఏ దారం లేవాలో, ఏది ఆగాలో ఆ రంధ్రాలే నిర్ణయిస్తాయి. అట్టలుంటే అంచు ఉన్నట్టు, పోతే పోయినట్టు. మా ఊళ్లో అట్టలు కొట్టడానికి వేరే మనుషులున్నారు. ఎవరి డిజైను కొట్టినా ఇంకో జత తమ దగ్గర దాచుకుంటారు. అందుకే జగదీశ్‌కు ఇది పెద్ద విషయమనిపించలేదు. ఒక జత కోసి ఫోటో తీస్తాడు, నాలుగు నెలలు పోయాక రెండో జత తెచ్చి పేరు మార్చి అమ్ముతాడు. నేత ఇంట్లో పుట్టినవాడు కాబట్టే అంత ధీమాగా ఉన్నాడు.

బెంగళూరులో పెళ్లి కోసం ఒకావిడ రెట్టింపు కట్టింది. ఆమె ఎంచుకున్నది సాయన్న నేసిన చీర.

సాయన్న కూతురు భవ్యశ్రీ నా దగ్గర ఏడో తరగతి చదువుతుండేది. "నువ్వు గూడ రా అన్నా, నిన్ను జూస్తే మామ ఏమనడు" అన్నాడు జగదీశ్. ఆదివారం పొద్దున పది గంటలకు వెళ్లాం. సాయన్న గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని కొత్త పడుగు దారాలు సరిచేస్తున్నాడు. అతని భార్య కిష్టమ్మ నన్ను చూసి పీట వేసింది.

"కూసో సారూ. పోరి మార్కులు చెప్పనీకి వచ్చినవా?"

"సారు పని మీద రాలే అత్తా, నా పని మీద వచ్చిండు," అంటూ జగదీశ్ బల్ల ఎక్కి అట్టల దండ విప్పాడు. సాయన్న తల ఎత్తాడు.

"ఏందిరా అల్లుడా, ఎందుకు దింపుతున్నవ్?"

"జర ఫోటో మామా."

దండ నేల మీద పరిచాడు. గూట్లో కత్తెర ఉంది. చీర పూర్తయ్యాక మగ్గం మీద నుంచి కోయడానికి వాడే పెద్ద కత్తెర, పిడికి పసుపు. అది తీసుకున్నాడు. మొదటి అట్ట కోసిన చప్పుడు చిన్నగా వచ్చింది. ఎండిన ఆకు తొక్కినట్టు. ఆ తర్వాత నాలుగైదు కలిపి కోశాడు.

"అరేయ్!" అన్నాడు సాయన్న.

"పరేషాన్ గాకు మామా. ఇంకో జత కొట్టినాయన తాన ఉంటది గద. మళ్ల తెచ్చిస్త, ఖర్చు నాది."

"యాడిదిరా జత? మా నాయన ఇంట్ల కూసోని, మేకుతోని పొడిచి పొడిచి కొట్టిండు. రెండేండ్లు కొట్టిండు. జత లేదు!"

జగదీశ్ చెయ్యి ఆగింది. నేను చూశాను, ఆగింది. అప్పటికి పదకొండు అట్టలు తెగి ఉన్నాయి. వాడు నా వైపు చూశాడు. నేను ఏదో ఒకటి అనాల్సిన క్షణం అది. ఏమీ అనలేదు.

"అయిపాయె గద. సగం తెగినంక ఏం జేస్త? ఆమె పైసలు కట్టింది," అని మళ్లీ వంగాడు.

కిష్టమ్మ వచ్చి అట్టల మీద బోర్లా పడింది. వాడు ఆమె భుజం పట్టి లాగాడు. ఆమె వదల్లేదు. కత్తెర పిడితో మూతి మీద కొట్టాడు. పన్ను ఊడి నా కాళ్ల దగ్గర పడింది. ఆమె ఇంకా వదల్లేదు. మళ్లీ కొట్టాడు, ఈసారి కంటి పక్కన. ఆ చప్పుడు నేను ఎవరికీ వర్ణించను.

"జగదీశ్" అన్నాను, తరగతిలో అల్లరి చేసే పిల్లవాణ్ని పిలిచినట్టు.

సాయన్న గుంటలో నుంచి లేవలేదు. చెయ్యి చాపి వాడి చీలమండ పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. వాడు పడుగు మీద పడ్డాడు. దారాలు టపటపా తెగాయి. ఇద్దరూ ఆ ఇరుకు గుంటలో ఒకరి మీద ఒకరు. మొదటి పోటు జగదీశ్‌దే, సాయన్న భుజంలో దిగింది. తర్వాత కత్తెర చేతులు మారింది. సాయన్న పొడవడం రెండుసార్లు చూశాను. మూడోది దవాఖానలో డాక్టరు చెప్పాడు. తెల్ల పడుగు ముందు అక్కడక్కడ ఎర్రబడింది, ఆ తర్వాత అంతా ఒకే రంగు. నేను గుంట అంచున మోకాళ్ల మీద కూర్చుని వాడి తల పట్టుకున్నాను. నా చేతుల్లో అది కాసేపు బరువుగా ఉంది, తర్వాత ఇంకా బరువుగా ఉంది.

మూడో రోజు మా వాళ్లు గొడ్డళ్లతో సాయన్న ఇంటి మీద పడ్డారు. మగ్గం నరికారు. మిగిలిన అట్టలన్నీ వాకిట్లో వేసి కిరోసిన్ పోసి కాల్చారు. అడ్డం వచ్చిన కిష్టమ్మ చెయ్యి విరిచారు. నేను రాసిన వాక్యం అలా పూర్తిగా నిజమైంది. అప్పుడు నేను ఇంట్లో తలుపు వేసుకుని ఉన్నాను.

అమ్మ రుక్కమ్మ నాకు చెప్పాల్సింది నేర్పడం మొదలుపెట్టింది. రోజూ, గిన్నెలు తోముతూ.

"కురుమూర్తీ, ఏం జెప్తవ్?"

"చూసింది చెబుతానమ్మా."

"ఏం జూసినవ్? నా కొడుకు ఫోటో తీసుకుంటుంటే వాడొచ్చి పొడిచిండు. గదే జూసినవ్."

"తమ్ముడు కిష్టమ్మను కొట్టాడు."

అమ్మ తోముతున్న చెంబు నా మీదికి విసిరింది. కనుబొమ్మ చిట్లింది. నెత్తురు కారుతుంటే పసుపు తెచ్చి అద్దింది. అద్దుతూ, "కొట్టలే. నా కొడుకు కొట్టలే" అంది.

ప్రభుత్వ ప్లీడరు మర్యాదస్థుడు. "అబద్ధం వద్దు మాస్టారూ. నేను అడిగిందానికే చెప్పండి, అడగంది వదిలేయండి" అన్నాడు. జిల్లా కోర్టులో ఆయన అడిగాడు, నేను చెప్పాను. ఆ తర్వాత సాయన్న తరఫు ప్లీడరు లేచాడు.

"కత్తెర మొదట ఎవరి చేతిలో ఉంది?"

"నా తమ్ముడి చేతిలో."

"దానితో మొదట ఎవరిని కొట్టాడు?"

అమ్మ ముందు వరసలో ఉంది. సాయన్న బోనులో తల వంచుకుని ఉన్నాడు.

"కిష్టమ్మను. ఆమె అట్టల మీద పడుకుని ఉంది. ఆమె చేతిలో ఏమీ లేదు. రెండు దెబ్బలు. తర్వాత సాయన్న వాణ్ని గుంటలోకి లాగాడు. అక్కడ కూడా ముందు పొడిచింది జగదీశే." అంతటితో ఆగవచ్చు. ఆగలేదు. "అట్టలు కోస్తామని రాసిచ్చింది నేను. తమ్ముడు రాసింది అంత స్పష్టంగా లేదు."

అది కేసుకు సంబంధం లేదన్నారు జడ్జిగారు. గుమాస్తా దాన్ని రాసుకోలేదు.

బయట వరండాలో అమ్మ చెప్పు తీసింది. చెంపల మీద, మెడ మీద, తల మీద కొట్టింది. జనం మూగారు. కానిస్టేబులు వస్తుంటే వద్దని చెయ్యి ఊపాను.

"ఒక్కపారి వాడు సంపిండు," కొడుతూనే అంది. "రెండోపారి నువ్వు సంపినవ్ గదరా. అందరి ముందట సంపినవ్."

పట్టీ తెగి చెప్పు చేతిలోంచి జారిపోయేదాకా కొట్టింది. తిరుగు బస్సులో నాకు దూరంగా ఆడవాళ్ల సీట్లో కూర్చుంది. గద్వాలలో దిగి ఇంటికి రాలేదు. ధరూర్‌లో ఉన్న మా మేనమామ ఇంటికి పోయే ఆటో ఎక్కింది, ఒక కాలికే చెప్పుతో.

తీర్పు రెండు నెలలకు వచ్చింది. యావజ్జీవం వేయలేదు, ఐదేళ్లు వేశారు. అమ్మకు ఫోన్ చేసి చెప్పాను.

"ఐదేండ్లా?" అంది. "గంతేనా నా కొడుకు?"

ఆమె ఫోను పెట్టేయలేదు, నేనూ పెట్టేయలేదు. అటు ఆమె ఊపిరి, ఇటు నాది, నా ఫోనులో పైసలు అయిపోయి లైను కట్ అయ్యేదాకా.