కుర్చీలో ఉన్నంతసేపే

మా ఆయన సెలూన్లో కుర్చీ ఎక్కే ప్రతి మగాడి మీదా నాకు కడుపుమంట. సవతి ఉన్నా ఇంత ఏడ్చేదాన్ని కాదేమో. ఉతికిన తువ్వాళ్ళు ఇచ్చే వంకతో వెళ్ళి, స్టూలు మీద కూర్చుని, ఆయన వాళ్ళతో మాట్లాడే తీరు చూసి కుళ్ళుకుంటుంటాను.

ఆ రోజు పొద్దున చొక్కా గుండీ ఊడిందని ఆయన ఇల్లు పీకి పందిరేశాడు. టీ గ్లాసు గోడకేసి కొట్టాడు. గాజుముక్కలు ఏరుతుంటే నా వేలు తెగింది. ఇటు తిరిగి చూస్తే ఒట్టు.

కాసేపటికే సెలూన్లో ఒక బట్టతలాయన, గడ్డం గీస్తుండగా గభాల్న తల తిప్పి చెంప కోయించుకున్నాడు. పైగా మా ఆయన్నే నోటికొచ్చినట్టు తిట్టాడు. మా ఆయనేమో పొరపాటు తనదేనని చెప్పి, పటిక రాసి, మంట తగ్గేదాకా తువ్వాలుతో విసిరాడు. ఆ విసరడం చూస్తుంటే నా వేలు సలిపింది.

వంతు కోసం కూర్చున్న మేష్టారు తెగ మెచ్చుకున్నాడు. కోపం రాకపోవడం గొప్ప కాదట, వచ్చిన కోపానికి తనే పగ్గం వేసుకోవాలట, దాన్నే స్వీయ నియంత్రణ అంటారట. ఇలాంటి మొగుడు దొరకడం నా అదృష్టమట. అర్థం బాగానే ఉంది మేష్టారూ, మా ఇంట్లో ఆ మాట వాడుకలో లేదు అనబోయి నోరు నొక్కుకున్నాను.

పాపం, పుట్టుకోపం, ఆయన మాత్రం ఏం చేస్తాడని ఇన్నేళ్ళూ సరిపెట్టుకున్నాను. నియంత్రణ ఆయన దగ్గర బోలెడుంది. అంతా బట్టతలలకే పంచిపెడుతున్నాడు.

అందరూ వెళ్ళాక నేనే ఆ కుర్చీ ఎక్కాను. ఆయన దిగమన్నాడు. నేను దిగలేదు.

"నా మీద వచ్చే కోపం వాళ్ళ మీద ఎందుకు రాదండీ?"

ఆయన నవ్వాడు. "పిచ్చిదానా, వాళ్ళు అలిగితే పక్కవీధి సెలూన్‌కి పోతారు. నువ్వెక్కడికి పోతావ్?"

తిట్టినా ఇంత నొప్పి ఉండేది కాదు. అక్కడే, ఆయన వింటుండగానే, అక్కయ్యకు ఫోన్ చేసి, వాళ్ళింట్లో ముందుగది ఖాళీగా ఉందా అని అడిగాను. ఉందంది, ఎప్పుడొచ్చినా సరేనంది. ఫోన్ పెట్టేసి కుర్చీ దిగాను.

ఆయన ముఖంలో రంగు మారింది. గబగబా తువ్వాలుతో కుర్చీ దులిపి, "ఒక్క నిమిషం కూర్చో, మాట్లాడుకుందాం," అన్నాడు, అచ్చం బట్టతలాయనతో మాట్లాడిన గొంతుతో.

ఆ గొంతు కోసమే ఇన్నేళ్ళు ఏడ్చాను. అది వినబడ్డాక చెప్పులు వేసుకున్నాను.