పెట్టె మీద తువ్వాలు

మబ్బు పట్టిందంటే రొయ్యల గుంటలకు గండమే. ఎండ లేకపోతే నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది. ఫ్యాన్లు తిరిగి నీళ్లు చిలక్కపోతే లక్షల రొయ్యలు చచ్చి తేలతాయి. ఇందుకూరుపేట దాటాక సముద్రం వైపున్న గుంటలన్నిటి మీదా ఆ మధ్యాహ్నం నల్లగా మబ్బు కమ్మింది.

సబీనా తన అన్న మునీర్ బండి వెనక కూర్చుని వచ్చింది. మునీర్‌కు నెల్లూరులో మోటార్ల వైండింగ్ షాపు ఉంది. నరేంద్రబాబు గుంటలో ఒక ఫ్యాను పట్టేసిందని కబురొస్తే బయలుదేరుతూ, "ఎప్పుడు చూసినా కంప్యూటర్లోనే గుంటలు చూస్తావు. నిజం గుంట ఎట్లుంటాదో చూద్దువు, రా మే" అన్నాడు.

ఆ వెక్కిరింపు న్యాయమైనదే. సబీనా పనిచేసే కంపెనీ, గుంటలను కనిపెట్టుకుని ఉండే ఏఐ ఏజెంటును అమ్ముతుంది. నీళ్లలో వేలాడే మీటరే దానికి కన్ను. టూళ్లే దానికి చేతులు: ఫ్యాన్లు వేయడానికి ఒకటి, మేత చల్లడానికి ఒకటి, యజమానికి మెసేజ్ పంపడానికి ఒకటి. ఏ టూలు ఎప్పుడు వాడాలో దానికి అర్థమయ్యేలా రాసిపెట్టడం సబీనా ఉద్యోగం. గుంట గట్టు తొక్కకుండానే బాగా రాస్తుందని పేరు కూడా తెచ్చుకుంది. ఫ్యాన్ల టూలుకు ఇలా రాసింది: "ఆక్సిజన్ నాలుగు కంటే తగ్గితే ఈ టూలుతో గుంటలోని ఫ్యాన్లన్నీ వెంటనే వేయాలి. ఎవరైనా ఆపి ఉన్నా మళ్లీ వేయాలి."

ఆ రెండో వాక్యం ఊరికే రాలేదు. కరెంటు మిగులుతుందని కాపలావాళ్లు ఫ్యాన్లు ఆపేవాళ్లు. రొయ్యలు చస్తే యజమానులు వచ్చి కంపెనీ మీద పడేవాళ్లు. "అనుమానానికి తావు లేకుండా రాయమ్మా" అన్నాడు మేనేజరు గిరిబాబు. రాసింది, అందరూ మెచ్చుకున్నారు. ఎవరి చెయ్యీ పడకుండా, స్టార్టరు ఆపి ఉన్నా ఏజెంటు ఫ్యాన్లు వేసే తెల్లపెట్టెకు తాళం కూడా బిగించారు. తాళంచెవులు నెల్లూరు ఆఫీసులో భద్రంగా ఉన్నాయి.

కట్ట మీద స్టార్టరు పెట్టె దగ్గర మునీర్ ఫ్యాన్లు ఆఫ్ చేశాడు. భుజం మీది పచ్చగళ్ల తువ్వాలు తీసి పెట్టె మీద కప్పాడు. ఛాతీ లోతు నీళ్లలోకి దిగి నడిమధ్యనున్న ఫ్యాను వైపు వెళ్లిపోయాడు.

"తువ్వాలు తడుస్తుందనా?" అని నవ్వింది సబీనా.

"కాదు పాపా" అన్నాడు పక్కనున్న గుంట యజమాని నరేంద్రబాబు. "మనిషి నీళ్లలో ఉండాడని గుర్తు. పెట్టె మీద తువ్వాలు ఉంటే దేవుడొచ్చినా స్విచ్చి ముట్టడు. మా నాయన కాలం నుంచి అంతే. కాలవ అవతల రంగనాయకులన్న గుంటకాడా అంతే. నన్ను చూసి ఆయన కూడా మీ పెట్టె పెట్టించుకున్నాడులే."

సబీనా నవ్వు ఆగిపోయింది. "ఈ మాట మా వాళ్లకు చెప్పలేదేందన్నా?"

"ఇదేం చెప్పేది? అన్నం నోటితో తింటామని ఎవురన్నా చెప్తారా?"

ఆయన్ని తిట్టాలో తనను తాను తిట్టుకోవాలో ఆమెకు తెలియలేదు. ఫోను తీసింది. ఆక్సిజన్ నాలుగు పాయింట్ మూడు. చూస్తుండగానే నాలుగు పాయింట్ రెండు.

"అన్నా! బయటికి రా!"

సముద్రం గాలి ఆ కేకను కట్ట దాటనివ్వలేదు. మునీర్ ఫ్యాను రెక్కల మధ్య భుజాల దాకా చేతులు దూర్చి, చుట్టుకున్న వలతాడు లాగుతున్నాడు. ఆమె చెయ్యి ఊపడం చూసి, ఉండు అన్నట్టు తనూ చెయ్యి ఊపాడు.

"ఎందుకు పాపా అంత కంగారు?" అన్నాడు నరేంద్రబాబు. "ఆఫ్ చేసుండాడు. ఈడ ఉండేది మనమే. వేసేదెవురు?"

"వేసేది ఈడ లేదన్నా! ఎవురు ఆపినా మళ్లీ వెయ్యమని దానికి నేనే రాసినా!"

అప్పుడర్థమైంది ఆయనకు. ఫ్యూజులు కట్ట ఆ చివర షెడ్డులో ఉన్నాయి. పంచె ఎగగట్టి పరుగెత్తాడు. సబీనా రాయి తీసుకుని తెల్లపెట్టె తాళం మీద కొట్టింది. తాళం మంచిది, కదల్లేదు. చూసి రమ్మంటే కాల్చి వచ్చేవాడినైతే తిట్టవచ్చు. ఇది కాల్చమంటేనే కాలుస్తుంది. కాల్చమని రాసింది తనే.

నాలుగు పాయింట్ ఒకటి. పుట్టి బుద్ధెరిగాక అంత భయం ఎరగదు.

అంతలో తట్టింది. దానికి గుంట కనబడదు, అన్న కనబడడు. మీటరు ఏం చెబితే అదే. గట్టు వారగా ప్లాస్టిక్ గొట్టానికి కట్టి ఉంది మీటరు. మోకాలి లోతు బురదలోకి దిగి, దాన్ని నీళ్లలోంచి పీకి గాలిలోకి ఎత్తి పట్టుకుంది. గాలిలో ఆక్సిజన్‌కు ఏం కరువు? ఫోనులో అంకె నాలుగు దగ్గర ఆగింది. ఐదైంది. ఏడైంది. కింద మెసేజ్ వచ్చింది: "ఆక్సిజన్ బాగుంది. ఫ్యాన్లు వేయాల్సిన అవసరం లేదు."

సబీనా బావురుమంది.

దూరాన షెడ్డు ముందు నరేంద్రబాబు పీకిన ఫ్యూజు ఎత్తి చూపించాడు. మునీర్ నీళ్లోడుతూ గట్టెక్కి, "ఏందిమే, గొట్టం పట్టుకొని ఏడస్తా ఉండావు?" అని నవ్వుతూ తువ్వాలు అందుకుని తల తుడుచుకున్నాడు. ఆమె అతని తడి చేతిని గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో గిరిబాబుకు ఫోన్ చేసింది.

"సార్, అన్ని గుంటల్లోనూ ఫ్యాన్ల టూలు ఇప్పుడే ఆపేయండి. మనిషి నీళ్లలో ఉంటే దానికి తెలీదు. ఇప్పుడే మా అన్న..."

"మీ అన్న బాగానే ఉండాడు కదమ్మా?"

"ఉండాడు సార్, కానీ..."

"మబ్బు రోజు ఆ టూలు ఆపితే ఎన్ని గుంటలు పోతాయో తెలుసా? సోమవారం వాక్యం మార్చి పంపు, చూద్దాం."

కాలవ అవతల ఫ్యాన్లు గుర్రుమని లేచాయి. రంగనాయకులు గుంటంతా తెల్లగా నురగ ఎగిసింది. మునీర్ అటు తిరిగాడు. అతని ముఖంలో నవ్వు పోయింది. ఆ కట్ట మీద పెట్టె మీంచి ఎర్ర తువ్వాలు గాలికి ఊగుతోంది.

మునీర్ ఒట్టి కాళ్లతోనే కాలవలోకి దూకి అటు పరుగెత్తాడు. ఫోనులో గిరిబాబు ఇంకా సోమవారం సంగతే చెబుతున్నాడు.