గాలిగొట్టం మీద అరచెయ్యి

అరచెయ్యి గట్టిగా అదిమి పెట్టినా ఇంజను ఆగలేదు. సువార్తరావు చెయ్యి తీసి, ప్యాంటుకి తుడుచుకుని, మళ్ళీ పెట్టాడు. గొట్టం మూతి చర్మాన్ని లోపలికి లాగుతోంది గాని జీపు మాత్రం డుగడుగమంటూనే ఉంది. మూతి మూసినా ఊపిరాడుతోందంటే గాలికి ఎక్కడో దొంగదారి ఉన్నట్టే. గాలి దూరిన చోట రేపు నీరూ దూరుతుంది.

అది మిషను ఆస్పత్రి జీపు. పాలగెడ్డ వాగు అవతలి మూడు ఊళ్ళలో మలేరియా. రేపు పొద్దున్నే నర్సు రమణి, ఆయా సోములమ్మ మందులతో గెడ్డ దాటాలి. జూలై నెల, నీళ్ళు బానెట్టు మీదికొస్తాయి. ఇంజను ఒక్క గుక్క మింగిందంటే నడిగెడ్డలో మొరాయిస్తుంది. అందుకే పక్కరేకుకి కన్నం కోసి, ఇంజను గాలి పీల్చే ఇనప గొట్టాన్ని బయటికి తెచ్చి, అద్దం పక్కనుంచి టాపు దాకా లేపి బిగించాడు. విశాఖపట్నం నుంచి షికారుకొచ్చేవాళ్ళు దాన్ని స్నార్కెల్ అంటారు. హుకుంపేటలో గాలిగొట్టం అంటే చాలు.

అతనికి యాభై ఎనిమిదేళ్ళు. అనంతగిరి కాఫీతోటల్లో పుట్టాడు. సీలేరు ప్రాజెక్టు షెడ్డులో పని నేర్చుకుని, గురుదక్షిణగా కుడిచేతి చూపుడువేలు సగం ఫ్యాను బెల్టుకి సమర్పించుకుని, ఇక్కడ రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకున్నాడు. బండి ఆగినప్పుడే అతను ఊరికి గుర్తొచ్చేది. ఆదివారం మిషను గుడిలో చివరి వరసలో కూర్చుని, అందరికంటే ఒక మాట వెనకగా పాడేవాడు. భార్య తెరిసమ్మ పోయి ఆరేళ్ళయింది. అప్పట్నుంచీ పొద్దున్న చోడంబలి క్యాను సోములమ్మే తెచ్చి పెడుతోంది.

ఆమె తెచ్చిపెట్టడం అతనికి గొంతులో ముల్లు. ఆమె మొగుడు కొండబాబు డ్రైవరు. ఇతన్ని అన్నా అనేవాడు. పన్నెండేళ్ళ కిందట, ఇతను గొట్టం బిగించిన జీపే ఆ గెడ్డ మధ్యలో ఆగిపోయి అతను కొట్టుకుపోయాడు. దుడుకు డ్రైవింగని కొందరన్నారు, గెడ్డ మనిషిని కోరుకుందని కొందరన్నారు. సువార్తరావు ఏమీ అనలేదు.

ఆ పొద్దున్న క్యాను దించి సోములమ్మ వెంటనే కదల్లేదు.

"తెల్లారుజామున మళ్ళీ వొచ్చాడు బావా కల్లోకి. గుమ్మంలో నిలబడ్డాడు, ఒళ్ళంతా నీళ్ళు. మాటాడడు. చెయ్యి ఇలాగెత్తి సూపిత్తాడు, అంతే. వెళ్ళొత్తానంటన్నాడేటో అనుకుంటన్నాను ఇన్నాళ్ళూ."

ఆమె అరచెయ్యి ఎత్తి పట్టుకుంది, వేళ్ళు దగ్గరగా, గాలిలో దేన్నో మూస్తున్నట్టు. సువార్తరావు ఆ చెయ్యిని గుర్తుపట్టాడు. ఆ చెయ్యి పెట్టడం కొండబాబుకి నేర్పింది తనే. మూతి మీద అరచెయ్యి పెట్టి, ఇంజను చచ్చాకే బండి తియ్యాలని వందసార్లు చెప్పాడు. ఆ ఒక్కరోజు కొండబాబు తొందరపెడితే తను చెయ్యి పెట్టి చూడలేదు. అంబలి పక్కన పెట్టి బానెట్టు ఎత్తాడు.

మధ్యాహ్నం దాకా వెతికాడు. అతుకులన్నిటికీ సబ్బు నురగ పూశాడు, బీడీ వెలిగించి పొగ పట్టి చూశాడు. పొగ ఎటూ లాగలేదు. రెండ్రోజులుగా ఎడమ భుజం లాగుతోంది; గొట్టం ఎత్తిన బరువు వల్లే అనుకున్నాడు. డ్రైవరు గాసి వచ్చి, ఇంత చాదస్తమేంటి మామా, బాగానే ఉంది కదా అని విసుక్కుని వెళ్ళాడు.

సువార్తరావు ఇంజను ఆపేశాడు. కొండ మీంచి మంచు దిగి షెడ్డు ముందు నిలిచింది. అప్పుడు వినపడింది. ఆపేసిన జీపు గొట్టంలోంచి ఎవరో ఊపిరి పీలుస్తున్న చప్పుడు. పీల్చడమే గాని వదలడం లేదు. మూతికి చెవి ఆనించాడు. గాలి కాదు, ఆకు కూడా కదలడం లేదు.

"కొండబాబూ?" అన్నాడు మెల్లగా.

చప్పుడు గొట్టం అడుగుకి దిగి ఆగింది. భయమేసినా పారిపోలేదు, ఇంజను మళ్ళీ స్టార్టు చేశాడు. బానెట్టులోకి వంగి, గిర్రున తిరుగుతున్న ఫ్యాను పక్కనుంచి చెయ్యి దూర్చి, గాలి వడపోసే డబ్బా అడుగు తడిమాడు. దుమ్ము రాలడానికి అక్కడో చిన్న రంధ్రం, దానికో రబ్బరు మూత ఉంటాయి. ఎండిన బురద పెళ్ళ ఊడింది. మొండివేలు మెత్తగా లోపలికి దిగింది. లోపల్నుంచి ఎవరో పట్టుకున్నట్టు వేలు బిగిసింది. రబ్బరు నిలువునా చీలి ఉంది.

షెడ్డు వెనక, కొండబాబు జీపుదే, తుప్పు పట్టిన డబ్బా ఒకటి పన్నెండేళ్ళుగా పడి ఉంది. తాకడానికి ఎప్పుడూ మనసొప్పలేదు. ఇప్పుడు బోర్లించి వేలు పెట్టాడు. అదే చోట, అదే చీలిక. ఆ డబ్బా పక్కనే కూలబడి ఏడ్చాడు.

తర్వాత లేచి చీలిన మూత పీకేసి, ట్యూబు ముక్క కత్తిరించి, క్లాంపు వేసి రంధ్రం మూసేశాడు. గ్రీజు చేత్తోనే గొట్టం మూతి మూశాడు. ఇంజను ఒకసారి గింజుకుని చచ్చింది.

సాయంత్రం సోములమ్మ క్యాను కోసం వచ్చేసరికి అతను గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

"ఆ రోజు నాను సెయ్యి పెట్టి సూడలేదు సోములమ్మా. సూసుంటే కొండ బతికుండేవోడు."

ఆమె క్యాను అందుకుంది.

"ఆ రోజు పిల్లగుంటకి జొరమని బేగి రమ్మని కబురెట్టింది నానే బావా" అంది.

ఆమె క్యాను కడగడానికి నీళ్ళ డ్రమ్ము దగ్గరికి వెళ్ళింది. అతను జీపు చక్రానికి ఆనుకుని కూర్చున్నాడు. ఆమె తిరిగొచ్చేసరికి కళ్ళు మూసుకుని ఉన్నాడు. అలసిపోయాడనుకుని భుజం మీద చెయ్యి వేసింది. ఒడిలో తెరుచుకుని ఉన్న అతని అరచేతిలో గొట్టం మూతి అంత గుండ్రటి ముద్ర ఉంది. అతను ఊపిరి తీయడం లేదు.

సమాధి కార్యక్రమం మర్నాడు సాయంత్రానికి పెట్టారు. మలేరియా ఆగదు కాబట్టి పొద్దున్నే జీపు బయల్దేరింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచినా సోములమ్మ కూడా ఎక్కింది. నడిగెడ్డలో నీళ్ళు బానెట్టు దాటి అద్దానికి కొట్టాయి. రమణి ప్రార్థన చేస్తోంది. గాసి స్టీరింగు వదల్లేదు. ఇంజను ఆగలేదు.

అవతలి గట్టున ఎండ కాసింది. మందుల పెట్టెలు దించుతూ సోములమ్మ గొట్టం వైపు చూసింది. మూతికి ఒక పక్క, చూపుడువేలు సగమే ఉన్న గ్రీజు చెయ్యి ముద్ర నల్లగా ఉంది. రెండో పక్క అయిదు వేళ్ళూ ఉన్న ఇంకో అరచేతి ముద్ర, ఉత్త నీటిది; జీపంతా ఆరిపోయినా అది ఆరలేదు.